సూరత్ ఎండలో పౌండ్ కేకు: వెన్నలో దాగిన గాలి లెక్క

సూరత్‌లో ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఉష్ణోగ్రత తరచుగా 35 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఆ వేళ వంటింటి గట్టు మీద వెన్న పెట్టి మరచిపోతే, అది అంచుల నుంచి నూనెగా జారడం మొదలుపెడుతుంది. మెత్తబడింది కదా, గిలకొట్టడం సులువని అందులోనే పంచదార వేసి కేకు చేస్తే ఓవెన్ నుంచి బయటికి వచ్చేది అడుగున జిడ్డు తేలిన బరువైన దిమ్మ. మైదా మంచిదే, గుడ్లు తాజావే, ఓవెన్ వేడీ సరిపోయిందే. సాధారణంగా నింద ఓవెన్ మీదికి పోతుంది. కానీ గిన్నె ఓవెన్ చేరకముందే ఆ కేకు చెడిపోయింది.

పౌండ్ కేకు పేరులోనే దాని లెక్క ఉంది. వెన్న, పంచదార, గుడ్లు, మైదా ఒక్కొక్కటి ఒక పౌండు, అంటే సుమారు 454 గ్రాములు. ఫ్రెంచివారు ఇలాంటి కేకునే ‘నాలుగు పావులు’ అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. ఇంట్లో చేసుకునేటప్పుడు ఒక్కొక్కటి 250 గ్రాములు తీసుకుంటే చాలు. పెంకు తీసిన గుడ్డు సుమారు 50 గ్రాములు తూగుతుంది కాబట్టి అయిదు గుడ్లు పడతాయి. ఇంగ్లండ్‌లో 1747లో వెలువడిన హానా గ్లాస్ వంటల పుస్తకంలో ఈ కేకు తయారీ ఉంది. అందులో పిండిని చేత్తోనో, పెద్ద చెక్క గరిటెతోనో గంటసేపు గిలకొట్టమని చెప్పారు. ఆ గంట శ్రమకు కారణం ఉంది. ఆల్ఫ్రెడ్ బర్డ్ బేకింగ్ పౌడర్‌ను రూపొందించింది 1843లో. అంతకు దాదాపు వందేళ్ల ముందు కేకు పొంగాలంటే గాలిని చేత్తో లోపలికి ఎక్కించడమొక్కటే దారి.

గాలి ఎక్కడ దాగుతుంది? వెన్నలో. వెన్నలో కనీసం 80 శాతం కొవ్వు, మహా అయితే 16 శాతం నీరు ఉంటాయి. ఆ కొవ్వు ఒకే ఉష్ణోగ్రతలో టక్కున కరిగే పదార్థం కాదు. రకరకాల కొవ్వు అణువుల మిశ్రమం కావడంతో 20 డిగ్రీల దగ్గర అందులో కొంత భాగం సన్నని స్ఫటికాలుగానూ, మిగతాది ద్రవంగానూ ఉంటుంది. పంచదార పలుకులు వెన్నలో దూసుకుపోయేటప్పుడు తమ వెంట గాలిని లాక్కుపోతాయి. ఆ గాలి చిన్న చిన్న బుడగలుగా చిక్కుకుంటే, వాటి చుట్టూ కొవ్వు స్ఫటికాలు గోడ కడతాయి. వెన్న పసుపు రంగు వదిలి పాలిపోయినట్టు కనిపించేది ఇందుకే. రంగు ఎక్కడికీ పోలేదు, లెక్కలేనన్ని బుడగలు వెలుతురును చెదరగొడుతున్నాయంతే.

వెన్న 30 డిగ్రీలు దాటితే స్ఫటికాలు దాదాపు మిగలవు. గోడ లేని బుడగ నూనెలో పైకి తేలి పగిలిపోతుంది. అలాంటి వెన్నను గంట కాదు, రెండు గంటలు గిలకొట్టినా లాభం లేదు. అలాగని ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన వెన్న కూడా పనికిరాదు. అది రాయిలా గట్టిగా ఉండి, పంచదార పలుకుల్ని అసలు లోపలికి రానివ్వదు. పనికొచ్చేది 18 నుంచి 21 డిగ్రీల మధ్య ఉన్న ఆ కాస్త మేర మాత్రమే. హానా గ్లాస్ పాఠకుల వంటిళ్లలో ఏడాదిలో చాలా నెలలు అది ఊరికే దొరికేది. సూరత్‌లో దాన్ని పనిగట్టుకుని సంపాదించాలి.

ఇంతకీ ఆ బుడగలు అంత ముఖ్యమా? ఓవెన్ వేడికి కొత్తవి పుట్టవా? 1944లో జి.టి.కార్లిన్ అనే పరిశోధకుడు కేకు పిండిని సూక్ష్మదర్శిని కింద వేడి చేస్తూ గమనించారు. కొవ్వు కరగగానే దానిలోని బుడగలు చుట్టూ ఉన్న నీటి భాగంలోకి చేరాయి. ఆవిరి గానీ, బేకింగ్ పౌడర్ నుంచి వచ్చే వాయువు గానీ ఆ పాత బుడగల్లోకే చేరి వాటిని ఉబ్బించాయి తప్ప, కొత్త బుడగల్ని పుట్టించలేదు. బేకింగ్ పౌడర్ చెంచాలు పెంచితే సరిపోతుందనే నమ్మకానికి ఇది గట్టి జవాబు.

దీని వెనకున్న భౌతికశాస్త్రం చిన్న లెక్కలో తేలుతుంది. గాలిని 25 డిగ్రీల నుంచి 90 డిగ్రీలకు వేడి చేస్తే దాని పరిమాణం పెరిగేది 22 శాతమే. ఆ మాత్రానికి కేకు పొంగదు. అసలు పని నీటి ఆవిరిది. 90 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి పీడనం సుమారు 70 కిలోపాస్కల్‌లు. బయటి వాతావరణ పీడనం 101. అంటే బుడగ లోపలి పీడనంలో 70 వంతులు ఆవిరే మోస్తుంది, గాలి మోయాల్సింది 31 వంతులే. తన వంతు పీడనం అంతగా తగ్గేవరకు గాలి వ్యాకోచిస్తూ పోతుంది. రెండు ప్రభావాలూ కలిపితే బుడగ దాదాపు 4 రెట్లవుతుంది. నిజమైన పిండిలో పంచదార కరిగి ఉండటం వల్ల ఆవిరి పీడనం కొంత తగ్గుతుంది, కొన్ని బుడగలు తప్పించుకుపోతాయి, కాబట్టి ఇది పై హద్దు. అయినా సంగతి స్పష్టమే. మొదట చిక్కిన గాలి కొంచెమే కావచ్చు, ఆవిరికి ఇల్లు మాత్రం అదే. ఆ ఇల్లు లేకపోతే ఆవిరి పై నుంచి ఎగిరిపోతుంది, పిండి కూర్చుండిపోతుంది.

అందుకే వేసవిలో సూరత్‌లో కేకు చేసేవారు పొద్దున్నే, వంటిల్లు వేడెక్కకముందే మొదలుపెట్టడం మేలు. ఫ్రిజ్‌లోని వెన్నను చిన్న ముక్కలుగా కోసి, వేలితో నొక్కితే సొట్ట పడి, వేలికి జిడ్డు మెరుపు అంటని దశ వరకు ఆగాలి. ఆ దశ చూస్తుండగానే దాటిపోతుంది. గిలకొట్టే రాపిడి కూడా వేడి పుట్టిస్తుంది కాబట్టి, గిన్నెను చల్లటి నీళ్లున్న వెడల్పు పళ్లెంలో నిలిపితే నిశ్చింత. బజారులో దొరికే పంచదార పలుకులు పెద్దవి, పూర్తిగా పొడి చేస్తే గాలిని లాగే అంచులు పోతాయి. మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి సన్న రవ్వలా చేసుకుంటే సరిపోతుంది. ఉప్పు వెన్న అయితే వేరే ఉప్పు అక్కర్లేదు.

తర్వాతి గండం గుడ్లు. గుడ్డులో నాలుగింట మూడు వంతులు నీరే. కొవ్వులో నీటిని కలపడమంటే చిక్కే, కాకపోతే సొనలోని లెసిథిన్ రెండింటికీ మధ్యవర్తిగా నిలబడుతుంది. ఒక్కో గుడ్డు చొప్పున, కలిసిపోయాకే తర్వాతిది వేయాలి. మరీ చల్లటి గుడ్లు వేస్తే కొవ్వు గడ్డకట్టి మిశ్రమం విరిగినట్టవుతుంది, కష్టపడి పట్టిన గాలిలో కొంత జారిపోతుంది. మైదా ఆఖరున, తేలిగ్గా కలిపితే చాలు. ఎక్కువ కలిపితే గ్లూటెన్ సాగి కేకు రొట్టెలా బిగుసుకుంటుంది.

ఇదే ఎండలో సూరత్ బేకరీలు తరతరాలుగా నాన్‌ఖతాయి చేస్తూనే ఉన్నాయి. డచ్ వర్తకులు నగరం విడిచి వెళ్తూ తమ రొట్టెల బట్టీని తమ దగ్గర పనిచేసిన పార్సీలకు అప్పగించారని, అప్పట్లో ఆ రొట్టెను కల్లుతో పులియబెట్టేవారని నగరంలో చెప్పుకుంటారు. ఆ వారసత్వం చెప్పుకునే దోటీవాలా బేకరీ తన ప్రారంభం 1861 నాటిదంటుంది. నాన్‌ఖతాయిలోనూ కొవ్వు, పంచదార, మైదాలే ప్రధానం, పద్ధతీ దగ్గరిదే. నెయ్యిని పంచదారతో తెల్లబడేదాకా అరచేత్తో రుద్దుతారు. పూసకట్టిన నెయ్యిలోని గింజలు స్ఫటికాలే కాబట్టి కొంత గాలి పడుతుంది. తేడా ఏమిటంటే, నెయ్యిలో నీరు లేదు, గుడ్డూ లేదు. ఆవిరి తక్కువ, పిండిలోని గంజి పూర్తిగా ఉడకదు. నాన్‌ఖతాయికి పొంగు అవసరమే తక్కువ, గుల్లతనం కావాలి. గాలి కాస్త తగ్గినా అది పరుచుకుంటుంది తప్ప కూలిపోదు. వేడి నగరంలో ఈ వంటకం అంతగా నిలదొక్కుకోవడంలో ఆ ఓర్పుకూ వాటా ఉండి ఉండవచ్చు.

గుజరాత్‌లో గుడ్డు ముట్టని ఇళ్లు చాలా ఉన్నాయి. వాటిలో పౌండ్ కేకు మరో చిక్కు తెస్తుంది. గుడ్ల బదులు అంతే బరువు పెరుగు పోసి మిగతా కొలతలు మార్చకపోతే కేకు నడుమ కుంగిపోవడం దాదాపు ఖాయం. గుడ్డులోని ప్రొటీన్లు వేడికి గడ్డకట్టి బుడగల గోడల్ని నిలబెడతాయి. పెరుగులోని కేసీన్ అలా గట్టిపడదు. అప్పుడు భారమంతా మైదాలోని గంజి మీద పడుతుంది. పంచదార ఎక్కువైతే ఆ గంజి ఉడికే ఉష్ణోగ్రత ఇంకా పైకి జరుగుతుంది. కాబట్టి గుడ్డు లేని కేకులో వెన్న, పంచదార రెండూ తగ్గించాలి, పెరుగు పులుపుతో కలిసి వాయువునిచ్చే సోడా వేయాలి. గట్టిపరచిన తీపి పాలు వాడితే పంచదార ఇంకా తగ్గాలి, ఎందుకంటే ఆ డబ్బాలో దాదాపు సగం పంచదారే. రుచికి లోటుండదు. కొలతలు మాత్రం సమానం కావు, కాబట్టి దాన్ని పౌండ్ కేకు అనడం మర్యాదకే.

ఓవెన్‌లో తొందర పనికిరాదు. మందం రెట్టింపైతే వేడి నడుమకు చేరే సమయం దాదాపు నాలుగు రెట్లు పెరుగుతుంది. సన్నని నాన్‌ఖతాయికి ఇరవై నిమిషాలు చాలితే, ఎత్తైన కేకుకు 160 నుంచి 165 డిగ్రీల దగ్గర గంట, ఒక్కోసారి ఇంకాస్త పడుతుంది. వేడి పెంచితే పైపొర ముందే గట్టిపడి, లోపలి పిండి దాన్ని బలంగా చీల్చుకుని వస్తుంది. నడుమ సన్నని పగులు మాత్రం లోపం కాదు, ఈ కేకుకు అది సహజం. గుచ్చిన పుల్ల తడి లేకుండా రావాలి.

మిగిలిన కేకును గాలి చొరని డబ్బాలో పెట్టి ఒకటి రెండు రోజుల్లో తినేయడం మంచిది. ఫ్రిజ్‌లో పెడితే వెన్న మళ్లీ స్ఫటికాలుగా మారుతుంది, ఉడికిన గంజి కూడా ఆ చల్లదనంలోనే వేగంగా బిరుసెక్కుతుంది. ముక్కను అరగంట బయట ఉంచితే వెన్న మెత్తబడుతుంది గానీ గంజి బిరుసు పోదు. దానికి పెనం మీద రెండు వైపులా కాస్త వేడి చేయాలి.