వెదికే మెమొరీకి అంత కరెంటెందుకు?

మామూలు మెమొరీకి గది నెంబరు చెబితే ఆ గదిలో ఏముందో చెబుతుంది. దీనికి తలకిందులుగా పనిచేసే మెమొరీ ఇంకొకటి వుంది. విషయం చెబితే, అది ఏ గదిలో వుందో చెబుతుంది! దీనినే కంటెంట్ అడ్రసబుల్ మెమొరీ, పొట్టిగా 'క్యామ్' అంటారు. ఇంటర్నెట్‌లో ప్యాకెట్లను దారిపట్టించే పెద్ద పెద్ద రౌటర్లలో చిరునామాలు వెదకడం దీని పని.

ఇది అంత వేగంగా ఎలా వెదుకుతుంది? మాస్టారు హాజరుపట్టీ తిరగెయ్యకుండా, క్లాసులో అందరినీ లేచి నిలబడమని ఒక పేరు చదివారనుకుందాం. ఆ పేరు కానివాళ్ళంతా కూర్చుంటారు. ఒక్కడే మిగులుతాడు. క్లాసులో ఎందరున్నా క్షణంలో తేలిపోతుంది. కాని లేచినందుకు శ్రమ మాత్రం అందరికీ!

క్యామ్‌లో జరిగేదీ యిదే. ప్రతి వరసకూ మ్యాచ్ లైను అనే సన్నని తీగ వుంటుంది. వెదికేముందు అన్ని తీగలనూ ఛార్జి చేస్తారు. వరసలో ఒక్క బిట్టు సరిపడకపోయినా అక్కడి ట్రాన్సిస్టర్లు ఆ ఛార్జిని గ్రౌండుకు వదిలేస్తాయి. 1024 వరసలుంటే, సరిపోయేది ఒక్కటే అయినప్పుడు 1023 తీగలు ఖాళీ అవుతాయి. తరువాతి వెదుకులాటకు వాటన్నిటినీ మళ్ళీ నింపాలి. సెకనుకు కోట్లసార్లు యిలా నింపి పారబోస్తుంటే చిప్ వేడెక్కక ఏంచేస్తుంది?

తీగను నింపడానికయ్యే శక్తి దాని కెపాసిటెన్స్ మీదా, వోల్టేజి వర్గం మీదా ఆధారపడుతుంది. వోల్టేజిని సగం చేస్తే శక్తి నాలుగోవంతే చాలు. అయితే వోల్టేజి మరీ తగ్గితే నిండిన తీగకూ ఖాళీ తీగకూ తేడా తెలుసుకోవడం కష్టం.

అంతకన్నా తెలివైన ఉపాయాన్ని 1997లో జుకోవ్‌స్కీ, వాంగ్ అనేవారు ప్రతిపాదించారు. ముందు కొద్ది బిట్లనే పోల్చాలి. అవి సరిపడిన వరసలలోనే మిగతా తీగను ఛార్జి చెయ్యాలి. లెక్క చూడండి. 1024 వరసలు, వరసకు 144 బిట్లు. మొదట 3 బిట్లు పోలిస్తే, అవి కలగాపులగంగా వున్నప్పుడు, ఎనిమిదింట ఒకటి, అంటే 128 వరసలే మిగులుతాయి. మొత్తం మీద ఛార్జి చేసే తీగ పొడవు సుమారు ఏడోవంతుకు దిగుతుంది.

నిజం చిప్‌లో అంత ఆదా రాదు. వెదికే మాటను ప్రతి వరసకూ చేరవేసే తీగలు కూడా కరెంటు తింటాయి మరి. 2004లో టొరంటో విశ్వవిద్యాలయం వారు ఇదే కొలత క్యామ్‌లో రెండు రకాల తీగలనూ ముక్కలు చేసి, పోల్చడాన్ని అంచెలంచెలుగా జరిపారు. వాడకం 60 శాతం తగ్గింది.

ఈ ఉపాయానికో చిక్కుంది. క్లాసులో అందరి పేర్లూ 'శ్రీ'తోనే మొదలైతే మొదటి అక్షరం అడిగి ఏం లాభం? ఒకే ప్రాంతపు చిరునామాల మొదటి బిట్లూ తరచు ఒకేలా వుంటాయి. అందుకని కొందరు, ప్రతి మాటలో ఎన్ని ఒకట్లున్నాయో ముందే లెక్కగట్టి పక్కన దాచి, మొదట ఆ లెక్కనే పోలుస్తారు. ఇదీ అన్నివేళలా ఒకేలా పనిచెయ్యదు. ఎనిమిది బిట్ల మాటలు మొత్తం 256; వాటిలో ఒక్క ఒకటి కూడా లేనిది ఒకే ఒకటి, నాలుగు ఒకట్లున్నవేమో 70! అయిదు ఒకట్లున్నవి ఎన్నో మీరు లెక్కగట్టి చూడండి.