తులం బంగారం ఎంత చోటు పట్టును?

నేను తెలుగు బోధించువాడను. లెక్కలు నా వృత్తి కావు. అయినను పరీక్షలకు ముందు ఒక సాయంకాలం ఇంటర్మీడియట్ విద్యార్థి ఒకడు నోటు పుస్తకంతో నా వద్దకు వచ్చినాడు. తులం వెండి, అనగా 11.66 గ్రాములు, వెండి సాంద్రత ఘన సెంటీమీటరుకు 10.5 గ్రాములు, ఘనపరిమాణం కనుగొనవలెను. అతడు రెంటినీ గుణించి 122 ఘన సెంటీమీటర్లని వ్రాసినాడు. అది దాదాపు అరగ్లాసు నీరు పట్టే చోటు! తులం వెండి బిళ్ల వేలికొనపై నిలుచును గదా. సూత్రం మరచుట పెద్ద తప్పు కాదు. వచ్చిన జవాబును ఒకసారి కంటి ముందు ఊహించుకొనకపోవుటయే తప్పు.

ఈ తికమకకు మాటలు కూడ కొంత కారణము. కావ్యభాషలో సాంద్రమనగా దట్టమైనది, చిక్కనిది. ఉర్దూలో సాంద్రతను కసాఫత్ అందురు. ఆ మాటకు మాలిన్యమను అర్థము కూడ ఉన్నది. శాస్త్రంలో ఈ భావములేవీ పనికిరావు. నూనె నీటికన్న చిక్కగా కనబడినను నీటిపై తేలును. దాని సాంద్రత తక్కువ. ఒక ఘన సెంటీమీటరు చోటులో ఎన్ని గ్రాముల పదార్థమున్నదో చెప్పునదే సాంద్రత. 10.5 గ్రాములకు ఒక ఘన సెంటీమీటరు చొప్పున 11.66 గ్రాములలో ఎన్ని వాటాలున్నవి? ఇట్లు ప్రశ్నించుకొన్నచో భాగించవలెనని తనంతట తానే తెలియును. జవాబు 1.11. బంగారం సాంద్రత 19.3 గనుక తులం బంగారానికి 0.60 ఘన సెంటీమీటరు చాలును.

కొలమానాలను కలిపివేయరాదు. ఇనుము సాంద్రతను 7.87 అని ఒక పుస్తకమును, 7870 అని మరొక పుస్తకమును చెప్పును. మొదటిది ఘన సెంటీమీటరుకు గ్రాములు, రెండవది ఘన మీటరుకు కిలోగ్రాములు. 15.74 కిలోల ఇనుప దిమ్మెను 7870తో భాగించిన 0.002 ఘన మీటరు, అనగా 2000 ఘన సెంటీమీటర్లు వచ్చును. మరియొక చిక్కు: 448 గ్రాముల రాగి చెంబులో లీటరు నీరు పట్టవచ్చును గాని, రాగి సాంద్రత 8.96 గనుక లోహం ఆక్రమించునది 50 ఘన సెంటీమీటర్లే. చెంబులోని బోలు లెక్కలోనికి రాదు.

ఈ లెక్క వెనుక గొప్ప చరిత్ర ఉన్నది. అల్ బీరూనీ (973–1048) శంకువు ఆకారపు పాత్రకు సన్నని గొట్టమమర్చి, అందులో లోహమును వేసినపుడు పొర్లిన నీటిని తూచినాడు. అతని కృషిని ముందుకు తీసుకొనిపోయిన అల్ ఖాజినీ 1121 ప్రాంతమున మర్వ్ నగరంలో ‘మీజానుల్ హిక్మా’ అను గ్రంథమును రచించినాడు. అందలి పట్టికలో నూరు మిస్కాళ్ల బంగారం ఐదుంబావు మిస్కాళ్ల నీటిని తొలగించునని ఉన్నది. నూటిని ఐదుంబావుతో భాగించి చూడుడు: 19.05! నేటి విలువకు ఎంత దగ్గర! 

కంసాలి దుకాణమున మోసపోకుండుటకు కూడ ఇది ఉపకరించును. మేలిమి బంగారమని ఇచ్చిన 38.6 గ్రాముల గట్టి కడ్డీ 2 ఘన సెంటీమీటర్ల నీటిని తొలగించవలెను. సన్నని కొలజాడీలో నీరు 2.3 పెరిగినచో సాంద్రత 16.8కి దిగినట్లు, అందు వెండియో రాగియో కలిసినది. లోపల లక్క నింపిన నగలకు ఈ పరీక్ష చెల్లదు. లక్క తేలిక గనుక మంచి బంగారమును కూడ కల్తీగా చూపును. టంగ్‌స్టన్ సాంద్రత కూడ ఇంచుమించు 19.3 గనుక, దానికి బంగారు పూత పూసినవాడిని నీరు పట్టియ్యలేదు.