పొడి మీద లోహం : కార్బోనైళ్లతో ఉత్ప్రేరకాల తయారీ

తమ్ముళ్లూ, నికెల్ టెట్రాకార్బోనైల్ పేరు ఇంటర్‌లో ఒక మార్కు ప్రశ్న కోసం బట్టీ పట్టి వదిలేస్తాం. ఎమ్మెస్సీకి వచ్చాక తెలిసింది, ఆ ఒక్క పేరు వెనక పెద్ద కథే ఉందని.

ముందు మన కళ్లెదుట ఉన్నది చూద్దాం. ఆరాంఘర్ నుంచి శంషాబాద్ వైపు పోయే లారీల్లో కొట్టించే డీజిల్‌లో 2020 ఏప్రిల్ నుంచి గంధకం పది లక్షల పాళ్లకు 10 పాళ్లు మించరాదు. అంతకు ముందు బీఎస్-4లో 50 ఉండేది. ఈ గంధకాన్ని రిఫైనరీలో తీసేది హైడ్రోజన్. దానికి తోడుండే ఉత్ప్రేరకం అల్యూమినా పొడి మీద పరిచిన కోబాల్టు, మాలిబ్డినం.

పొడి మీద పరచడం ఎందుకంటే, చర్య జరిగేది ఉపరితలం మీదే. ముద్ద లోపల ఉన్న పరమాణువు ఖర్చుకే గాని పనికి రాదు. ఒక సెంటీమీటరు ఘనాన్ని ఒక నానోమీటరు ఘనాలుగా కోస్తే దాని ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్ల నుంచి 6,000 చదరపు మీటర్లకు, అంటే దాదాపు ఎకరన్నరకు పెరుగుతుంది. మంచి అల్యూమినా ఒక్క గ్రాములో 200 చదరపు మీటర్ల చోటుంటుంది. మన కబడ్డీ కోర్టు 130 మాత్రమే!

ఫ్యాక్టరీ పద్ధతి సులువు. లోహ లవణాల నీళ్లలో అల్యూమినాను నానబెట్టి, ఆరబెట్టి, కాలుస్తారు. చవక కూడా. కాని మాలిబ్డినం +6 స్థితిలో ఆక్సైడ్‌గా అల్యూమినాను గట్టిగా పట్టుకుంటుంది. 500 డిగ్రీల దగ్గర హైడ్రోజన్ పంపినా పూర్తిగా లోహంగా మారదు.

ఇక్కడ కార్బోనైల్ పనికొస్తుంది. అందులో లోహం ముందే సున్నా ఆక్సీకరణ స్థితిలో ఉంటుంది. 1890లో లుడ్విగ్ మాండ్, ఆయన సహచరులు నికెల్‌పై కార్బన్ మోనాక్సైడ్ పంపి ఈ తరగతిలో మొదటిది కనుగొన్నారు. అది 43 డిగ్రీలకే, అంటే మన రామగుండం మే నెల ఎండకే, మరిగిపోతుంది. లోహం ఆవిరిగా ఎగరడం అంటే ఇదే.

మాలిబ్డినం హెక్సాకార్బోనైల్ తెల్లటి స్ఫటికం, అది ఉత్పతనం చెందుతుంది. గాలి తీసేసిన గాజు పరికరంలో దాని ఆవిరి అల్యూమినా మీద అధిశోషణం చెందుతుంది. 100 డిగ్రీల దగ్గర ఆరింటిలో మూడు కార్బన్ మోనాక్సైడ్‌లు వదిలిపోతాయి, మిగిలిన మూడింటితో మాలిబ్డినం ఉపరితలాన్ని పట్టుకుంటుంది. ఇంకా వేడి చేస్తే అవీ పోతాయి. అప్పుడు మెలిక ఉంది. అల్యూమినా మీద హైడ్రాక్సిల్ గుంపులు మిగిలి ఉంటే అవి మాలిబ్డినాన్ని ఆక్సీకరణం చేస్తాయి, హైడ్రోజన్ వాయువు బయటికి వస్తుంది. ముందే బాగా ఎక్కువ వేడిలో ఆ గుంపులను తొలగిస్తే లోహం సున్నా స్థితికి దగ్గరగా నిలుస్తుంది. 1970లలో అమెరికాలోని నార్త్ వెస్టర్న్ యూనివర్సిటీలో రాబర్ట్ బర్వెల్ బృందం దీన్ని వివరంగా తేల్చింది. ఆధారమని మనం పక్కన పెట్టే పొడి నిజానికి చర్యలో భాగస్వామి. నాకు ఈ విషయంలో బాగా నచ్చింది అదే.

ఇదంతా కంటికి కనబడదు కదా? పరారుణ వర్ణపటం చెబుతుంది. స్వేచ్ఛగా ఉన్న కార్బన్ మోనాక్సైడ్ 2143 దగ్గర శోషిస్తుంది. లోహం ఎలక్ట్రాన్లను దానికి తిరిగి ఇస్తే బంధం బలహీనపడి ఆ అంకె 2000 దగ్గరికి, ఇంకా కిందికి దిగుతుంది.

ఒక జాగ్రత్త. కార్బోనైళ్లు విషం, నికెల్‌ది మరీ ప్రాణాంతకం. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. నికెల్‌ను పట్టుకున్నట్టే అది మన రక్తంలోని ఇనుమును పట్టుకుంటుంది. చలికాలంలో తలుపులు మూసి బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్న వాళ్లు లేవకపోవడానికి కారణం ఇదే. ఇంటికి వెళ్లినప్పుడు అమ్మానాన్నలకు తప్పక చెప్పండి.

ఉత్ప్రేరకాల మీద పరిశోధన మన తార్నాకలోని ఐఐసీటీలోనే జరుగుతోంది. 1944లో మొదలైన ఆ సంస్థకు 1989లో ఈ పేరు వచ్చింది. ఎమ్మెస్సీ చేసేవాళ్లు గుర్తుపెట్టుకోండి.

డిగ్రీ తమ్ముళ్లకు ఒక లెక్క. మాలిబ్డినంవి 6 ఎలక్ట్రాన్లు, ఒక్కో కార్బన్ మోనాక్సైడ్‌వి 2 చొప్పున 12, మొత్తం 18. మూడు పోతే 12 మిగులుతాయి. తక్కువైన 6 ఎలక్ట్రాన్లను అల్యూమినా ఉపరితలంలోని ఏ పరమాణువులు, ఎన్ని కలిసి ఇస్తాయో రాయండి.