పదో తరగతి తర్వాత ఇక నాట్యమేనా?

చి॥ అమ్మలుకు,



పదో తరగతి పరీక్షలు కాగానే చదువు మానేసి కూచిపూడి వెళ్లిపోతానని, పొద్దున లేచింది మొదలు నాట్యమే నేర్చుకుంటానని రాశావు. వెంటనే జవాబు రాయకుండా కొన్నాళ్లు ఆగాను. తొందరపడి వద్దన్నా, సంబరపడి సరేనన్నా నీకు అన్యాయం చేసినట్టే అవుతుంది. రోజంతా నాట్యానికే ఇచ్చే కాలం నీకు తప్పకుండా రావాలి. అది ఇంటర్ అయ్యాక రావాలని నా అభిప్రాయం. ఎందుకో చెబుతా, ఓపిగ్గా చదువు.

"ఇప్పుడు వెళ్లకపోతే వయసు మించిపోతుంది పెద్దమ్మా" అన్నావు. టీవీ పోటీల్లో ఏడెనిమిదేళ్ల పిల్లల్ని చూసి, బాలే స్కూళ్ల గురించి విని పుట్టిన భయం అది. రష్యాలోని వాగనోవా అకాడమీలో పదేళ్ల పిల్లల్ని చేర్చుకుని ఎనిమిదేళ్లు బాలే నేర్పుతారు. అక్కడ ఆ తొందరకు కారణం ఉంది. మునివేళ్ల మీద నిలబడే ఆ నాట్యంలో చాలామంది నలభై దాటకముందే వేదిక దిగిపోవాల్సి వస్తుంది. మన కూచిపూడి పద్ధతి వేరు. వేదాంతం సత్యనారాయణశర్మగారు పెద్ద వయసులో కూడా సత్యభామ వేషం కట్టారు. అభినయం వయసుతోపాటు పండేది. పదిహేనేళ్లకే తలుపులు మూసేసే నాట్యం కాదమ్మా ఇది. అడవులకు, అంటే ప్రాథమిక అడుగుల సాధనకు, చిన్న వయసు మంచిదే, అవి నువ్వు ఎనిమిదో ఏటి నుంచీ చేస్తూనే ఉన్నావు.

ఇక చదువు నాట్యానికే ఎందుకు కావాలో చెబుతా. మొన్న నేను నేర్పే నాట్యం క్లాసులో నీ ఈడు పిల్ల ఒకతె క్షేత్రయ్య పదం చేసి చూపించింది. అడుగులో తప్పు లేదు, హస్తాల్లో తప్పు లేదు. ఖండిత నాయిక పదం అది. రాత్రంతా ఎదురుచూస్తే తెల్లారి వచ్చిన మగవాడి ఒంటి మీద ఇంకొకరి గుర్తులు కనిపిస్తాయి. ఈ పిల్ల కళ్లు పెద్దవి చేసి, పెదవి విరిచి, కోపం అంతా చూపించింది. "ఈ చరణంలో ఆవిడ ఎవరితో మాట్లాడుతోందమ్మా? అతనితోనా, చెలికత్తెతోనా?" అని అడిగాను. బిక్కమొహం వేసింది. వీడియో చూసి పట్టేసిందట. చెలికత్తెతో చెప్పుకునేటప్పుడు చూపు పక్కకు తిరిగి కిందికి జారుతుంది, గొంతులో ఏడుపు ఉంటుంది. అతన్నే అడిగేటప్పుడు గడప దగ్గరే ఆపి నిలదీసినట్టుండాలి. చెయ్యి ఒకటే, మనిషి మారిపోతుంది. ఆ తేడా తెలియాలంటే సాహిత్యాన్ని విడదీసి చదువుకోగలగాలి. సంధి ఎక్కడ విడిపోతుందో, ఆ మాట ఎవరిని ఉద్దేశించి అన్నదో నీకు నేర్పేది మీ బడిలో తెలుగు మాస్టారే. నువ్వు విసుక్కుంటున్న క్లాసు అదే. నంది తిమ్మన పారిజాతాపహరణం శ్రద్ధగా చదివి భామాకలాపం పట్టిన పిల్లను, చదవకుండా పట్టిన పిల్లను పక్కపక్కన నిలబెడితే నాలుగు నిమిషాల్లో తెలిసిపోతుంది. తెలుగు పట్టు లేకుండా కూచిపూడిలో నాయిక కావడం ఎలాగో నాకైతే తెలియదు.

నాట్యంలో పేరు తెచ్చుకుంటూనే చదువుకున్నవాళ్లూ ఉన్నారు. వెంపటి చినసత్యంగారు కూచిపూడిలో పుట్టి, మద్రాసు వెళ్లి, 1963లో అక్కడ కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. ఆయన దగ్గర నేర్చుకుని సత్యభామగా పేరు తెచ్చుకున్న శోభానాయుడుగారి సంగతి నీకు తెలియాలి. ఊరు అనకాపల్లి. ఆడపిల్లకు నాట్యమేమిటని తండ్రి ఒప్పుకోకపోతే తల్లి పట్టుబట్టి నేర్పించింది. అంత కష్టపడి సంపాదించుకున్న నాట్యం కదా, చదువు పక్కన పెట్టేయవచ్చు. పెట్టలేదు, మద్రాసు క్వీన్ మేరీస్ కాలేజీలో డిగ్రీ చేశారు. కేరళ కళామండలం చూడు. 1930లో కవి వళ్లత్తోళ్ మొదలుపెట్టిన గురుకులం అది. తెల్లవారకముందే సాధన మొదలయ్యే ఆ చోట కూడా ఎనిమిదో తరగతిలో చేరిన పిల్లలకు బడి పాఠాలు చెబుతారు.

ఇక అసలు సంగతికి వస్తాను. మనవైపు ఆడపిల్లల నాట్యం ఆగిపోయేది బడిలో కాదు, ఇంటర్‌లో. పదిలో మంచి మార్కులొస్తే ఎంపీసీలోనో బైపీసీలోనో చేర్చి హాస్టల్లో పెడతారు. తెల్లవారుజామున ఒక స్టడీ అవర్, రాత్రి పది దాకా ఇంకొకటి. గజ్జెలు అటకెక్కుతాయి. రెండేళ్ల తర్వాత దించినా పిల్ల మళ్లీ అరమండిలో కూర్చోలేదు, సిగ్గుపడి మానేస్తుంది. నా దగ్గర చక్కగా నేర్చుకున్న పిల్లలు ఎందరో అలాగే పోయారు, నాకు ఇప్పటికీ కడుపులో బాధ. అందుకే అమ్మలూ, మీ ఇంట్లో నువ్వు పోరాడాల్సింది ఈ విషయం మీద. "చదువు మానేస్తా" అంటే మీ నాన్న వినరు. "హాస్టల్ కాలేజీ వద్దు, ఆర్ట్స్ గ్రూపుతో మామూలు డే కాలేజీలో చేరతా, సాయంత్రం నాకు వదిలేయండి" అను. వినే మాట అది.

డే కాలేజీ కూడా కుదరకపోతే ఓపెన్ స్కూల్ ఉంది. జాతీయ సార్వత్రిక విద్యాపీఠంలో 15 ఏళ్లు నిండినవాళ్లు ఇంటర్‌కి కట్టుకోవచ్చు. ఒకసారి చేరితే ఐదేళ్ల గడువు, ఆ లోపల తొమ్మిదిసార్లు పరీక్ష రాసే వీలు. సబ్జెక్టు సబ్జెక్టుగా పూర్తి చేసుకోవచ్చు. మన రెండు రాష్ట్రాలకూ సొంత ఓపెన్ స్కూళ్లున్నాయి. ఇది బడి ఎగ్గొట్టే దారి అనుకోకు. అజమాయిషీ చేసేవాళ్లు లేకుండా నీ అంతట నువ్వే పుస్తకం తీయాలి. అది నీకు చేతనవుతుందో లేదో నాకంటే మీ అమ్మకు బాగా తెలుసు.

ఆ ఇంటర్ సర్టిఫికెట్ దేనికి అంటావేమో. రేపు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో నాట్యంలో ఎంపీఏ చేయాలనిపిస్తే డిగ్రీ లేకుండా దరఖాస్తు కూడా పెట్టలేవు. స్కూల్లో నాట్యం టీచరుగా చేరాలన్నా ముందు అడిగేది సర్టిఫికెట్లే. ప్రదర్శనల మీదే ఇల్లు గడిచే నర్తకులు చాలా తక్కువమంది. గాత్రం, నట్టువాంగం, మృదంగం, వయొలిన్, వేణువు అంటూ వాద్యబృందానికి ఇచ్చుకున్నాక చేతిలో మిగిలేది స్వల్పం. చాలామందికి అన్నం పెట్టేది పాఠం చెప్పడమే, అందుకు నేనే సాక్ష్యం.

ఇంటర్ అయ్యాక కూడా ఎప్పుడు వెళ్లాలో ఎలా తెలుస్తుంది? మీ నాట్యం మాస్టారే "పొద్దున పూటలు కూడా కావాలి, సాయంత్రం గంట చాలడం లేదు" అని నోరు తెరిచి అడగాలి. ఆ మాట శిష్యురాలు అనడం వేరు, గురువు అనడం వేరు. ఇంకొకటి, రోజంతా సాధన అంటే ఏమిటో ముందే రుచి చూడాలి. అది రోజూ తరంగం చేస్తూ పళ్లెం ఎక్కి ఆడడం కాదు. పొద్దున అవే అడవులు మూడు కాలాల్లో, మాస్టారు కర్రతో తాళం వేస్తుంటే, మడమ చప్పుడు సమంగా పడే దాకా. తర్వాత పాడడం, నట్టువాంగం పట్టడం, అభినయదర్పణం శ్లోకాలు అప్పజెప్పడం. మధ్యాహ్నం మళ్లీ అడవులు. చప్పట్లు కొట్టేవాళ్లు ఎవరూ ఉండరు. వేసవి సెలవుల్లో ఒక నెల మీ మాస్టారి దగ్గర అలా గడుపు. లెక్కల పరీక్ష తప్పించుకోవడానికి నాట్యం కావాలనుకున్న పిల్ల పదిహేను రోజుల్లో జ్వరమని పడుకుంటుంది. నువ్వు ఆ పిల్లవో కాదో ఆ నెలలో నీకే తెలుస్తుంది.

ఒంటి సంగతి కూడా చెప్పాలి, ఇది ఎవరూ చెప్పరు. నువ్వు ఈ ఏడాది పొడుగయ్యావు. ఎముక సాగే వయసులో రోజుకు గంట చేసే పిల్ల ఒక్కసారిగా ఆరు గంటలు చేస్తే, అదీ గ్రానైట్ నేల మీద, ముంగాలి ఎముక నొప్పి పెడుతుంది, ఒక్కోసారి సన్నటి చీలిక వస్తుంది. గంటలు కొద్దికొద్దిగా పెంచాలి. అరమండిలో మోకాళ్లు తుంటి దగ్గర నుంచి విచ్చుకోవాలి, పాదాలను బలవంతంగా తిప్పి కూర్చుంటే మోకాలు దెబ్బతింటుంది. సన్నగా కనిపించాలని తిండి తగ్గించకు. నెలసరి ఆగిపోతే అమ్మకు చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్లు, అది ఎముకలు బలహీనపడుతున్నాయనడానికి గుర్తు కావచ్చు.

డబ్బు విషయంలో మీ నాన్న బెంగపడితే అది న్యాయమైనదే. 18 నుంచి 25 ఏళ్ల మధ్య యువ కళాకారులకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే స్కాలర్‌షిప్ ఒకటుంది. ఇంటర్ పూర్తయిన కొద్దికాలానికే నువ్వు ఆ వయసుకు వస్తావు. కూచిపూడిలో సిద్ధేంద్రయోగి కళాపీఠం ఉంది, విజయవాడలో ఘంటసాల పేరిట ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. ఇంటి దగ్గర ఉంటూ సర్టిఫికెట్, తర్వాత డిప్లొమా పూర్తి చేసుకునే వీలు ఇప్పటికే నీ అందుబాటులో ఉంటే, ఊరు వదిలే ఖర్చు ఇప్పుడే దేనికి?

పరీక్షలయ్యాక నువ్వూ మీ అమ్మా కలిసి మీ ఊళ్లో ఏ జూనియర్ కాలేజీ ఎన్నింటికి వదులుతుందో కనుక్కుని నాకు రాయండి. మీ మాస్టారిని నా మాటగా వేసవి నెల గురించి అడుగు. ఆ రెండూ తేలాక మీ నాన్నకు నేను ఫోన్ చేస్తాను. నువ్వు ఆయనతో మాట్లాడేది ఆ తర్వాతే. అప్పటిదాకా ఈ ప్రస్తావన తేకు, సైన్సు పేపరు చూసుకో.

నీ
పెద్దమ్మ