ఆడపిల్ల పుడితే తప్పెవరిది?

"మళ్ళీ ఆడపిల్లేనా!" పురిటిగది బయట ఈ మాట మీలో చాలామంది వినే ఉంటారు. ఆ వెంటనే నింద తల్లి మీద పడుతుంది. కొన్ని ఇళ్ళల్లో కోడలిని సాధిస్తారు. కొడుకుకు మళ్ళీ పెళ్ళి చేస్తామంటారు. ఇంతకీ పుట్టేది ఆడో మగో ఎలా తేలుతుంది? సైన్సు ఏమంటుందో చూద్దాం.

మన శరీర కణాలలో 23 జతల క్రోమోజోములు ఉంటాయి. వాటిలో ఒక జత లింగాన్ని నిర్ణయిస్తుంది. స్త్రీలలో ఆ జతలో రెండూ ఎక్స్ క్రోమోజోములే. పురుషులలో ఒకటి ఎక్స్, రెండోది వై. బిడ్డకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి. తల్లి ఇవ్వగలిగింది ఎక్స్ మాత్రమే. తండ్రి నుంచి ఎక్స్ వస్తే ఆడపిల్ల, వై వస్తే మగపిల్లవాడు. 1905లో నెట్టీ స్టీవెన్స్ అనే అమెరికా శాస్త్రజ్ఞురాలు పిండిలో పెరిగే పెంకుపురుగులను పరిశీలించి, లింగ నిర్ణయంలో క్రోమోజోముల పాత్రను బయటపెట్టింది.

అయితే తప్పు తండ్రిదా? కాదు. ఏది రావాలో ఆయనా ఎంచుకోలేడు. అసలు ఆడపిల్ల పుట్టడం తప్పే కాదు!

ఈ సంగతి మీ ఊళ్ళో ఎలా చెబుతారు? ఉపన్యాసం వద్దు, ఆట ఆడించండి. రెండు డబ్బాలు తీసుకోండి. "అమ్మ" డబ్బాలో 20 చింతగింజలు వేయండి. "నాన్న" డబ్బాలో మరో 20 వేయండి. వాటిలో పదింటికి ముందే సున్నం పూసి ఆరబెట్టండి. చూడకుండా ఒక్కో డబ్బా నుంచి ఒక్కో గింజ తీయాలి. రెండూ నల్లవైతే ఆడపిల్ల, ఒకటి తెల్లదైతే మగపిల్లవాడు. రాసుకుని, గింజలు తిరిగి వేసి, కలిపి, మళ్ళీ తీయాలి. ఇలా 100 సార్లు చేస్తే రెండూ దాదాపు సమానంగా వస్తాయి. మధ్యలో వరుసగా మూడుసార్లు ఆడపిల్లే రావడమూ చూస్తారు. లెక్కప్రకారం ముగ్గురు పిల్లలున్న ప్రతి 8 ఇళ్ళలో సుమారు ఒక ఇంట ముగ్గురూ ఆడపిల్లలే!

మీ సైన్సు క్లబ్బు మిత్రులతో కలిసి ఈ డబ్బాలను రచ్చబండ దగ్గరికీ, తిరునాళ్ళకూ తీసుకెళ్ళండి. అమ్మమ్మల చేత, తాతయ్యల చేత గింజలు తీయించండి. గర్భంలో ఉన్నది ఆడో మగో పరీక్ష చేసి చెప్పడాన్ని 1994లో చేసిన చట్టం నిషేధించిందని కూడా చెప్పండి. చివరికి ఒక్క ప్రశ్న అడగండి: "అమ్మ డబ్బాలో ఏం మార్పు ఉంది?"

జవాబు వాళ్ళనే చెప్పనివ్వండి.