దోమల చేపనా, కిల్లీ చేపనా?

ఈసారి నేను చేపల పాఠం రాస్తున్నాను.

కిల్లీ అంటే పాన్ కిల్లీ కాదు. డచ్చి భాషలో 'కిల్' అంటే చిన్న వాగు. అందుకే ఈ చిన్న చేపలకు ఆ పేరు. ఆఫ్రికాలో ఇవి చాలా రకాలు. మొజాంబిక్‌లో వాన గుంతల్లో ఉండే ఒక రకంలో మగదాని తోక ఎర్రగానో పసుపుగానో ఉంటది. గుంత ఎండితే చేపలు చస్తాయి. గుడ్లు మాత్రం మట్టిలో బతికి, మళ్ళీ వానకు పిల్లలవుతాయి.

మన దేశంలో కూడా కిల్లీ చేప ఉంది. పేరు పాంచాక్స్. హామిల్టన్ 1822లో గంగానది చేపల పుస్తకంలో దీని గురించి రాశాడు. ఇది దోమ పిల్లల్ని తింటది. గంబూసియా కూడా తింటది. కానీ గంబూసియా మన చేప కాదు, ఉత్తర అమెరికాది. దోమల కోసం 1928లో ఇటలీ నుంచి తెచ్చారు.

రెండూ వేలెడంతే. రెండింటికీ నోరు పైకి తిరిగి ఉంటది. రెండూ నీళ్ళ మీదమీదనే తిరుగుతాయి. మరి పోల్చుకునేది ఎట్లా? గాజు సీసాలో నీళ్ళు పోసి చేపను వేసి చూడండి.

1. నెత్తి: పాంచాక్స్ నెత్తి మీద వెండి చుక్క మెరుస్తది. గంబూసియాకు ఉండదు.

2. వీపు వాజం: పాంచాక్స్‌కు బాగా వెనక, తోక దగ్గర ఉంటది. దాని మొదట్లో నల్ల మచ్చ. గంబూసియాకు ఇంకొంచెం ముందుకు ఉంటది.

3. కింది వాజం: పాంచాక్స్‌కు పొడుగ్గా పరుచుకొని ఉంటది. గంబూసియాకు పొట్టిగా ఉంటది. మగ గంబూసియాకు అది పుల్లలాగా సాగి ఉంటది.

4. పిల్లలు: పాంచాక్స్ నీటి మొక్కలకు గుడ్లు అంటిస్తది. గంబూసియా పిల్లల్నే కంటది.

ఇదంతా ఎందుకంటే, గంబూసియా దోమ పిల్లలతో ఆగదు. వేరే చేపల గుడ్లను, పిల్లల్ని కూడా తింటది. తొట్టిలో ఉంటే మంచిదే. బయ్యారం చెరువులోనో, గణపురం చెరువులోనో పడితే అక్కడి చేపపిల్లలకు ముప్పు. చేపలు పట్టి బతికే వాళ్ళకు నష్టం.

మా నాయన బడికి పోలేదు. అయినా తల చూసి కొర్రమట్ట అని, మీసాలు చూసి జెల్ల అని చెప్తడు. చదువుకునే మనం ఈ నాలుగు గుర్తులు నేర్చుకోలేమా?

వార్డెన్ మేడమ్ గారికి మనవి: మన తొట్టిలో గంబూసియా వేస్తే, తొట్టి కడిగేటప్పుడు ఆ చేపలు కాలువలో పడకుండా జాలి పెట్టించండి. మేము కాపలా ఉంటాము.

— 9వ తరగతి విద్యార్థిని