ట్రాక్టరును ట్రాలీని కలుపు పిన్ను

విద్యార్థులారా! ములకలపల్లి దారులలో ట్రాక్టరు వెనుక ట్రాలీ పోవుట మీరు చూచుచునే యున్నారు. ఈ రెంటిని కలుపునది ఇనుప దండము. దానికి బదులు త్రాటితో కట్టరాదా? త్రాడు లాగగలదే గాని అడ్డగింపజాలదు. ముందు బండి ఆగినప్పుడు వెనుకది వచ్చి దానిని గ్రుద్దును. దండమో, లాగునప్పుడు లాగును, ఆగునప్పుడు వెనుకదానిని నిలువరించును.

ఎడ్లబండి చక్రమునకు కడచీల యెట్టిదో, దండమునకు పిన్ను అట్టిది. అది పైకి జాఱకుండ దానికొక అడ్డుచీల నుంచవలెను. దండము క్రిందుగా రెండు గొలుసులను ఒకదానిపై నొకటి అడ్డముగా తగిలించినచో, పిన్ను విఱిగినను దండము నేలబడక వానిపై నిలుచును. గొలుసులు మలుపునకు చాలునంత వదులుగా నుండవలెను గాని నేలను రాయరాదు. అమెరికాలో ఇంటివంటి పెద్ద మోటారుబండ్ల వెనుక కారును కట్టుకొని పోవువారును ఇట్లే గొలుసులు వేయుదురు.

వేగము రెండింతలైనచో బ్రేకు అణపవలసిన శక్తి నాలుగింతలగును. ట్రాలీకి వేరు బ్రేకు లేనిచో ఆ భారమంతయు ట్రాక్టరుదే. కావున పల్లము రాకమునుపే చిన్న గేరు వేయవలెను.

ట్రాలీ సరకులకే గాని మనుష్యులకు గాదు. 2018లో వేములకొండ యొద్ద కూలీలతో పోవు ట్రాక్టరు ట్రాలీ మూసీ కాలువలో పడగా 15 మంది మరణించిరి.

బండి కదలకమునుపు, “నాయనా, పిన్ను చూచితివా?” యని తండ్రి నడుగు బాలుడే ఈ పాఠమును నేర్చినవాడు.